స్లాబ్ పడకముందే ఏసీ మనిషిని పిలవండి

శంకుస్థాపన ముహూర్తం కుదిరాక వాస్తు చూసేవారు వస్తారు, ప్లాన్ గీసే ఇంజనీరు వస్తారు, మేస్త్రీ వస్తాడు. ఏసీ వాళ్లను మాత్రం రంగులు వేశాక పిలుస్తారు. విజయవాడలో 20 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అంత ఆలస్యంగా పిలిస్తే మేం చేయగలిగేది చాలా తక్కువ. అందుకే కొత్తగా ఇల్లు మొదలుపెట్టేవాళ్లందరికీ చెబుతున్నాను: ప్లాన్ ఇంకా కాగితం మీద ఉండగానే ఏసీ పని తెలిసినవాళ్లను ఒకరిని ఆర్కిటెక్ట్ దగ్గర కూర్చోబెట్టండి. ఏసీ అమ్మే షాపు మనిషి కాదు, పని చేసే మనిషి. ఫీజు అడిగితే ఇవ్వండి.

ముందు తేల్చాల్సింది ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెట్టాలన్నది. ఒక మే నెలలో ఓ అపార్ట్‌మెంట్ వాళ్లు పిలిచారు. పై అంతస్తులో ఏసీ రోజూ మధ్యాహ్నం ఆగిపోతోంది. అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు గ్యాస్ నింపి వెళ్లారు. చూస్తే, రెండు బాత్‌రూమ్‌ల మధ్య పైపుల కోసం వదిలిన మూడడుగుల సందులాంటి డక్ట్‌లో నాలుగు ఔట్‌డోర్‌లు ఒకదానిపైన ఒకటి బిగించి ఉన్నాయి. కింది యూనిట్ వదిలిన వేడిగాలినే పై యూనిట్ లాగుతోంది. పైదాని దగ్గర చెయ్యి పెడితే పొయ్యి పక్కన పెట్టినట్టుంది. ఏసీ మీద రాసే కూలింగ్ లెక్క బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. మన ఎండలే 45 దాకా పోతాయి, ఆ డక్ట్‌లో ఇంకా ఎక్కువ. గ్యాస్‌లో లోపమేం లేదు, లోపమంతా ప్లాన్‌లోనే.

అందుకని ప్రతి యూనిట్‌కీ గాలి ఆడే చోటు, దాని ముందు మనిషి నిలబడి పనిచేసేంత జాగా ప్లాన్‌లోనే గీయించండి. ఈ రెండో మాట మరీ గట్టిగా చెబుతున్నాను. మూడో అంతస్తు కిటికీలోంచి కాలు బయటపెట్టి, సన్‌షేడ్ అంచు మీద నిలబడి సర్వీస్ చేసే కుర్రాళ్లను రోజూ చూస్తున్నాను. రెండడుగుల బాల్కనీ, ఒక రెయిలింగ్ ఉంటే వాళ్ల ప్రాణానికి భరోసా.

తర్వాత ఎండ సంగతి. వంద చదరపు అడుగులకు ఒక టన్ను అనే లెక్క నమ్మకండి. కింది అంతస్తులో ఒక టన్నుతో చల్లబడే గదికి, అదే కొలతలతో పై అంతస్తులో పడమటి గోడ ఉంటే టన్నున్నర కూడా చాలకపోవచ్చు. ప్లాన్ దశలో అడిగితే ఆ గోడవైపు వార్డ్‌రోబో బాత్‌రూమో వేయమని, కిటికీ చిన్నది చేసి సన్‌షేడ్ పెంచమని, డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయమని మేమే చెబుతాం. టన్నేజీ తగ్గితే కరెంటు బిల్లు ఏటా తగ్గుతుంది.

డక్టెడ్ ఏసీ, అంటే సీలింగ్ పైన డక్ట్ అనే పెద్ద గొట్టంలోంచి గదులకు చల్లగాలి పంపేది, అనుకుంటే మాత్రం స్లాబ్ ఎత్తు ముందే తేలాలి. పది అడుగుల ఎత్తులో బీమ్ కిందికి అడుగు, దాని కింద డక్ట్ మరో అడుగు పోతే ఫాల్స్ సీలింగ్ ఎనిమిది అడుగుల లోపే వస్తుంది. ఒక ఇంట్లో స్లాబ్ పోసిన రెండు నెలలకు పిలిచారు. "బీమ్‌కి రంధ్రం కొట్టేద్దాం సార్" అన్నాడు మేస్త్రీ. నేను ఒప్పుకోలేదు. బీమ్‌లో కమ్మీ తెగితే ఇంటి బలమే పోతుంది. చివరికి గోడకు బిగించే స్ప్లిట్ ఏసీలతో సర్దుకున్నారు. అదే సెంట్రింగ్ దశలో అయితే స్ట్రక్చరల్ ఇంజనీరును అడిగి, ఆయన చెప్పిన చోట ఖాళీ వదిలేందుకు స్లీవ్ (గొట్టం) పెట్టి పోసేవాళ్లం.

వైరింగ్‌కి పెద్ద కథ లేదు. ఏసీకో విడి లైన్, సరైన వైరు, విడి ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనే ఆగిపోయే స్విచ్), మంచి ఎర్త్. ఇప్పుడు కొనకపోయినా అన్ని బెడ్‌రూమ్‌లకూ లాగించండి.

అందరూ తేలిగ్గా తీసుకునేది డ్రెయిన్ పైపు. కోస్తా ఉక్కపోతలో టన్నున్నర ఏసీ గంటకు లీటరుకు పైనే నీళ్లు వదులుతుంది. గోడలో పైపుకి మీటరుకు కనీసం సెంటీమీటరు వాలు ఉండాలి, పైన ఇన్సులేషన్ చుట్టాలి. లేదంటే వేసవి దాటేలోపు గోడ చెమ్మెక్కి పెయింట్ పొరలుగా లేస్తుంది. బాత్‌రూమ్ లైనుకు నేరుగా కలపకండి, నీళ్లు నిలిచి వాసనను ఆపే వంపు (ట్రాప్) లేకపోతే వాసనా బొద్దింకలూ పడగ్గదిలోకే వస్తాయి. ప్లాస్టరింగ్‌కి ముందు మీరే దగ్గరుండి ఒక చెంబుడు నీళ్లు పోయించండి. అవతలి చివర పూర్తిగా బయటికి వచ్చాకే గాడి పూడ్చనివ్వండి.

గ్యాస్ తిరిగే కాపర్ పైపులకైతే నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి ఒక రోజు ఉంచమనండి, గేజ్ ముల్లు దిగకూడదు. చివరలు మూయించండి, సిమెంటు పొడి లోపలికి పోతే కంప్రెసర్ పాడవుతుంది. ఆ తర్వాత నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో పైపు పోతోందో టేపు పట్టి ప్రతి గోడకూ ఫోటో తీసి పెట్టుకోండి. టీవీ బిగించేవాడు డ్రిల్ పట్టుకుని వచ్చిన రోజు, ముందు ఆ ఫోటో చూపించండి.