యుద్ధంలో ఓడుతున్న నాయకుణ్ణి పదవి వదిలేలా ఒప్పించడం: మధ్యవర్తులకు సూచనలు

యుద్ధం చేజారిపోతున్నా అధికారాన్ని పట్టుకుని వేలాడే నాయకుడి దగ్గరకు వెళ్లే దౌత్యవేత్త, ఆయనను ఏమని అడగాలో ఆలోచించే ముందు, ఆయన దిగిపోయిన మరునాడు ఉదయం సైన్యం ఎవరి మాట వింటుందో తేల్చుకోవాలి. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా రాజీనామా కోరితే, ఆ మూల్యాన్ని రాజధానిలోని సామాన్యులు ప్రాణాలతో చెల్లిస్తారు.

ఆ రాజీనామాకు శత్రుపక్షం దృష్టిలో ఇంకా విలువ ఉండగానే దాన్ని అడగాలి. 1975 ఏప్రిల్ 20న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబారి గ్రాహమ్ మార్టిన్ ఆ దేశాధ్యక్షుడు థ్యూను కలిసి, తాను ప్రభుత్వ ప్రతినిధిగా కాక వ్యక్తిగా మాట్లాడుతున్నానంటూ, సైనిక పరిస్థితిని దాపరికం లేకుండా వివరించారు. అలా మాట్లాడటం అవతలి మనిషి గౌరవాన్ని కాపాడుతుంది కనుక అనుసరించదగినదే. థ్యూ మరునాడే రాజీనామా చేశారు. అయితే గెలుపు అంచున నిలిచిన ఉత్తర వియత్నాంకు అప్పటికి బేరమాడవలసిన అవసరమే లేదు, ఏప్రిల్ 30న నగరం దాని వశమైంది. 1997 మే 4న మండేలా జైర్ (నేటి కాంగో) అధ్యక్షుడు మొబుటును, తిరుగుబాటు నేత కబిలాను దక్షిణాఫ్రికా నౌకపై ఎదురెదురుగా కూర్చోబెట్టినా, కబిలా బలగాలు అప్పటికే రాజధాని కిన్షాసాకు చేరువవుతున్నందున ఆ ప్రయత్నమూ ఫలించలేదు.

లైబీరియా ఉదాహరణను మాత్రం శ్రద్ధగా చదవాలి. 2003 జూన్ 4న అధ్యక్షుడు చార్లెస్ టేలర్ శాంతి చర్చల కోసం ఘనా రాజధాని అక్రాలో ఉన్నప్పుడు, సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం ఆయనపై యుద్ధ నేరాల అభియోగాలను బయటపెట్టింది. అటు తిరుగుబాటుదారులు లైబీరియా రాజధాని మన్రోవియాను చుట్టుముట్టారు, ఇటు అమెరికా ఆయన వెళ్లిపోవాలని బహిరంగంగా కోరింది, నైజీరియా అధ్యక్షుడు ఒబసాంజో ఆశ్రయం ఇస్తానన్నారు. అంటే బెదిరింపు ఒకరి నోట, దారి చూపే మాట మరొకరి నోట వచ్చాయి. ఈ రెండు పాత్రలనూ ఒకే మనిషికి అప్పగించకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఆశ్రయం గురించి మాట ఇచ్చేటప్పుడు అమితమైన జాగ్రత్త అవసరం, ఎందుకంటే యుద్ధ నేరాలను మాఫీ చేసే అధికారం ఏ మధ్యవర్తికీ లేదు. 2006లో లైబీరియా కొత్త ప్రభుత్వం కోరిన మీదట నైజీరియా టేలర్‌ను అప్పగించింది, 2012లో ఆయనకు 50 ఏళ్ల జైలుశిక్ష పడింది. బాధితుల పక్షాన అది న్యాయమే, కానీ ఆ తర్వాత ఇలాంటి హామీని ఏ పాలకుడూ సులువుగా నమ్మడు. అందుకే బస, భద్రత, కుటుంబ ప్రయాణం వంటి నిలబెట్టుకోగల విషయాలనే హామీగా ఇచ్చి, న్యాయస్థానాల జోలికి పోలేమని ముందే స్పష్టం చేయాలి.

నిష్క్రమణ రోజును గంటల లెక్కన ఏర్పాటు చేయాలి. శాంతి బలగాలు ముందు రావాలి, అధికార బదిలీ తర్వాత జరగాలి: నైజీరియా సైనికులు ఆగస్టు 4న మన్రోవియాలో దిగారు, ఆగస్టు 11న టేలర్ ఆఫ్రికా దేశాధినేతల సమక్షంలో ఉపాధ్యక్షుడు మోజెస్ బ్లాకు పదవి అప్పగించి దేశం విడిచారు. అక్రాలో మిగిలిన ప్రతినిధులు చర్చలు ఆపలేదు కనుకనే, ఆగస్టు 18న శాంతి ఒప్పందంపై సంతకాలు జరిగాయి.