గట్టి మనిషి ఇంకా పనికొస్తాడా? బాస్కెట్‌బాల్ జట్టులో సీనియర్‌ను తేల్చుకుని వాడుకునే పద్ధతి

కప్పు మీద కన్నేసిన జట్టుకు టోర్నమెంటు ముందు జట్టులో చివరిదైన పన్నెండో జెర్సీ దగ్గర తకరారు వస్తుంది. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన చురుకైన పిల్లగాడికి ఇవ్వాలా, లేక పదిహేనేళ్లుగా రింగు కింద కాపుగాస్తూ, బంతి నడిపే మన గార్డు మీదికి ఎవరైనా మోచెయ్యి విసిరితే మధ్యలోకొచ్చి నిలబడే అన్నకు ఇవ్వాలా? హనుమకొండలోనైనా, కాజీపేటలోనైనా, గోదావరిఖనిలోనైనా ఈ ముచ్చట మొహమాటంతోనే తేలిపోతుంది. ‘అన్న ఉంటే ధైర్యం’ అని ఇచ్చేస్తారు, లేకుంటే ‘అన్న పనైపోయింది’ అని పక్కన పెట్టేస్తారు. రెండూ తప్పే. ఆయన గట్టిదనం ఇంకా కాళ్లలో, నడుములో ఉందా, లేక గొంతులోనే మిగిలిందా అనేది ఒక్క సాయంత్రంలో తేల్చుకోవచ్చు.

ముందు ఆయన పనేమిటో సరిగ్గా తెలియాలి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఇలాంటి ఆటగాణ్ని ఎన్‌ఫోర్సర్ అంటారు. కొట్లాటకు దిగేవాడని మనవాళ్లు అనుకుంటారు గానీ, గెలిచే జట్లలో ఆయన పని వేరే. 2021 మార్చిలో మిల్వాకీ జట్టు పి.జె. టక్కర్‌ను హ్యూస్టన్ నుంచి తెచ్చుకుంది. టైటిల్ తేల్చే చివరి దశ ప్లేఆఫ్స్ నాటికి ఆయనకు 36 ఏళ్లు, మ్యాచ్‌కు ఐదు పాయింట్లు కూడా సగటు లేదు. బ్రూక్లిన్‌తో సిరీస్‌లో కెవిన్ డ్యురాంట్‌ను కాయడం ఆయన వంతు. డ్యురాంట్ ఐదో మ్యాచ్‌లో 49, ఏడో మ్యాచ్‌లో 48 కొట్టాడు. లెక్క చూస్తే టక్కర్ ఓడిపోయినట్టే. కానీ ప్రతి అడుగుకూ ఒళ్లు తగిలించి, బంతి అందుకునే చోటు నుంచి అతన్ని వెనక్కి నెడుతూనే ఉన్నాడు. ఆ ఏడో మ్యాచ్‌లో ఓవర్‌టైమ్‌తో కలిపి 53 నిమిషాలూ కోర్టులోనే ఉన్న డ్యురాంట్ చివరి షాట్ రింగుకు తగలనే లేదు. మిల్వాకీ ఆ సిరీసూ, ఆ ఏడాది టైటిలూ గెలిచింది. గట్టి మనిషి పని స్కోరుబోర్డు మీద కనబడదు, ఎదుటివాడి కాళ్లలో కనబడుతుంది.

అయితే ఎన్‌బీఏను చూసి నేరుగా నకలు కొట్టకండి. అక్కడ 48 నిమిషాల ఆట, ఆరు ఫౌళ్లు. మనం ఆడే అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమాల్లో 40 నిమిషాలు, ఐదో ఫౌల్‌తో బయటికి. ఒక క్వార్టర్‌లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే, అవతలి జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు చేసే ప్రతి ఫౌల్‌కూ రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డురాని ఉచిత షాట్లు). అంటే మొరటుతనానికి మన దగ్గర ఖరీదు ఎక్కువ. మనకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. డిఫెన్స్‌లో మూడు సెకన్లు దాటి పెయింట్‌లో (రింగు ముందున్న దీర్ఘచతురస్రంలో) నిలబడకూడదనే నిబంధన ఎన్‌బీఏలో ఉంది, ఫిబాలో లేదు. మోకాళ్లు అరిగిన పొడుగు మనిషిని 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు తమ తమ చోటును కాసే డిఫెన్స్) మధ్యలో ఉంచి, ఆ 4.9 మీటర్ల వెడల్పునే కాపాడమని చెప్పొచ్చు. మన దగ్గర సీనియర్‌కు ఇంకా జాగా ఉందంటే ప్రధానంగా ఈ నియమం వల్లే.

ఇక పరీక్ష. మ్యాచ్‌కు వారం ముందు, ఎండ తగ్గాక, కోర్టు తుడిచి పెట్టండి. సిమెంటు కోర్టు మీద దుమ్ముంటే కాలు జారి ఫలితం తప్పు వస్తుంది, మోకాలూ పోతుంది.

మొదట పక్క అడుగులు. పెయింట్ ఒక గీత నుంచి ఇంకో గీతకు, పాదాలు కలవకుండా, నడుము దించి, 30 సెకన్లు. పదిసార్లు దాటితే సరిపోతుంది. ఒక నిమిషం ఆగి మళ్లీ చేయించండి. రెండోసారి రెండు కన్నా ఎక్కువ తగ్గితే ఆయన ఒక దఫాలో మూడు నిమిషాలకు మించి ఆడలేడని అర్థం. అది అనర్హత కాదు, కొలత మాత్రమే.

తర్వాత డిఫెన్స్‌కు తిరిగొచ్చే పరుగు. ఒక చివర గీత నుంచి అవతలి ఫ్రీ త్రో గీత దాకా 22 మీటర్ల పైచిలుకు. 20 సెకన్ల విరామంతో మూడుసార్లు, ప్రతిసారీ ఐదు సెకన్లలోపు రావాలి. ఇందులో తప్పితే ఆలోచించండి. రింగు కింద ఎంత గట్టిగా ఉన్నా, బంతి పోయిన ప్రతిసారీ నలుగురితోనే డిఫెన్స్ చేయాల్సి వస్తుంది. వేగంగా పరుగెత్తే కుర్ర జట్లు అదే కనిపెట్టి కొడతాయి.

అసలు పరీక్ష బాక్స్ అవుట్, అంటే షాట్ లేచాక ఎదుటివాణ్ని ఒంటితో బంతికి దూరంగా ఆపడం. జట్టులో అందరికంటే బాగా ఎగిరే పిల్లగాణ్ని ఆయనకు జోడీగా పెట్టి, బయటి నుంచి పది షాట్లు వేయించండి. ఆయన ఎన్ని రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులు) తీశాడో లెక్క వద్దు. ఆ పిల్లగాడు ఎన్నిసార్లు బంతిని తాకాడో రాయండి. రెండుకు మించకపోతే ఆయన మీ మనిషే.

ఆ పని ఎలా సాగాలో దగ్గర్నుంచి చూడండి. షాట్ లేవగానే తెలిసినవాడు బంతిని చూడడు, తన మనిషిని చూస్తాడు. ముంజేతిని అతని ఛాతీకి ఆనించి ఎటు వస్తున్నాడో పసిగడతాడు. ఆ వైపే కాలు వేసి తిరిగి, కుర్చీలో కూర్చున్నట్టు నడుము దించి, అతని తొడల మీద బరువు పెడతాడు. మోచేతులు భుజాల ఎత్తున కాకుండా కాస్త కిందికే, పక్కలకు. మనసులో రెండు అంకెలు లెక్కపెట్టాకే బంతి వైపు కళ్లు ఎత్తుతాడు. పొరపాటు సాధారణంగా రెండుచోట్ల జరుగుతుంది. ఎగరలేనని తెలిసిన సీనియర్ కంగారులో చెయ్యి వెనక్కి పోనిచ్చి ఎదుటివాడి నడుమును చుడతాడు. అది కనబడే ఫౌల్. లేదంటే మరీ ముందే తిరిగిపోతాడు, వీపు వెనక మనిషి తప్పుకుని చివర గీత వైపు నుంచి దూరతాడు. రెండింటికీ మందు ఒకటే: ముంజేయి తగిలేదాకా తిరగవద్దు.

ఇంకొకటి, చాలా జట్లు ఇక్కడే పొరపడతాయి. ఆయన మనిషిని ఆపుతాడు గానీ బంతిని తీయలేడు. తీయాల్సింది మిగతా నలుగురు. గార్డులు ఫాస్ట్ బ్రేక్ (మెరుపు ఎదురుదాడి) ఆశతో ముందుకు ఉరికితే ఆయన కష్టం నేలపాలు. ఆయన కోర్టులో ఉన్నంతసేపు ఇద్దరు గార్డుల్లో ఒకరు ఫ్రీ త్రో గీత దాకా దిగి రావాలని ముందే ఖరారు చేయండి.

స్క్రీన్ (మన గార్డును కాసే డిఫెండర్‌కు అడ్డంగా నిలబడటం) కూడా పది పెట్టించి చూడండి. కాళ్లు భుజాల వెడల్పు, మోకాళ్లు వంచి, చేతులు ఛాతీ మీదికి ముడిచి, కదలకుండా. ఎదుటివాడికి కనబడని వైపు నుంచి పెడితే, అతను నిలబడి ఉన్నప్పుడు ఒక అడుగు జాగా వదలాలని నియమం. మన గార్డు భుజం ఆయన తుంటికి రాసుకుంటూ పోవాలి. సందు ఉంటే డిఫెండర్ దూరతాడు, ఆ సందు మూయడానికి ఆయన తుంటిని బయటికి తోస్తాడు, రెఫరీ విజిల్ వేస్తాడు. అందరూ అన్నను తిడతారు. కానీ పదిలో ఏడెనిమిది సార్లు తప్పు గార్డుదే: ఆయన పూర్తిగా నిలబడకముందే బయల్దేరాడు. ఆయన పాదాలు నేల మీద ఆగిన చప్పుడు వినబడ్డాకే కదలమని గార్డుకు నేర్పండి.

చివరిది స్వభావం. ప్రాక్టీసులో ఆయనకు తెలియకుండా ఒక పిల్లగాడితో జెర్సీ లాగించండి, ఒకసారి కావాలనే తప్పు ఫౌల్ ఇప్పించండి. ఆయన అరుస్తాడా, నవ్వుతాడా అన్నది పక్కన పెట్టండి. ఎన్ని సెకన్లలో డిఫెన్స్‌కు తిరిగొచ్చాడో చూడండి. రెఫరీ ముందే నిలబడిపోతే, కాళ్లు ఎంత బాగున్నా ఆయన్ను కీలక మ్యాచ్‌లకు నమ్మలేం.

ఎందుకో లెక్క చెబుతాం. కోపంతో కొట్టిన దెబ్బకు అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్ పడితే అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బంతి కూడా. నూటికి 70 వేసే షూటర్ అనుకుంటే ఫ్రీ త్రోల మీద 1.4 పాయింట్లు, ఆ బంతి మీద ఇంకో 0.8 అనుకున్నా మొత్తం 2.2. ఎవరూ అడ్డులేకుండా రింగు దగ్గర్నుంచి వేసే లే-అప్ కూడా అంత విలువ చేయదు. పైగా అలాంటి ఫౌళ్లు రెండు, లేదా అదొకటీ, ప్రవర్తనకు పడే టెక్నికల్ ఒకటీ కలిస్తే ఆట నుంచి గెంటేస్తారు. మయామీ జట్టులో 2003 నుంచి 2023 దాకా 20 సీజన్లున్న యుడోనిస్ హాస్లెమ్ ఎంతో గౌరవం ఉన్న సీనియర్. అంతటివాడే 2021 మేలో, ఆ సీజన్‌లో తను ఆడిన ఒకే ఒక్క మ్యాచ్‌లో, మూడు నిమిషాలలోపే గొడవపడి బయటికి పోయాడు.

పరీక్షలు దాటాడనుకోండి, ఎప్పుడు దింపాలి? మొత్తం 10 నుంచి 14 నిమిషాలు, మూడు నాలుగు నిమిషాల దఫాలుగా. మంచి సమయం రెండో క్వార్టర్ మొదలు. అప్పటికి అవతలి పొడుగువాడు అలసి ఉంటాడు, జట్టు ఫౌళ్లు సున్నా నుంచి మొదలవుతాయి. మొదటి సగంలో ఆయనకు రెండు ఫౌళ్లే బడ్జెట్. జట్టు ఫౌళ్లు నాలుగుకు చేరగానే మార్చేయండి, ఎంత బాగా ఆడుతున్నా సరే. ఆయన డిఫెన్స్ అంతా ఒళ్లు తగిలే డిఫెన్స్, ఆ తర్వాత తగిలిన ప్రతిసారీ రెండు ఫ్రీ త్రోలు అవతలివాళ్ల చేతికి పోతాయి.

అవతలి సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగువాడు) 6.75 మీటర్ల గీత బయటి నుంచి త్రీ పాయింటర్లు వేసేవాడైతే ఆ మ్యాచ్‌కు ఆయన్ను మరచిపోండి. బయటికి లాక్కెళ్లి రింగు ఖాళీ చేస్తారు.

పాత్ర చెప్పేటప్పుడు పెద్దరికం తగ్గించకుండా, గంపగుత్తగా కాకుండా, పని పేరు పెట్టి చెప్పాలి. “అన్నా, రెండో క్వార్టర్ల నాలుగు నిమిషాలు నీవి. వాళ్ల పదకొండో నంబరు పిలగాడు రింగు కిందికి రావద్దు. రీబౌండ్ మేం తీస్తం, నువ్వు వాణ్ని ఆపు.” ఇంతే చాలు. ‘నువ్వుంటే మాకు ధైర్యం అన్నా’ అని పంపితే, ఆ ధైర్యం ఎలా చూపాలో తెలియక ఎవరో ఒకరి మీద భుజం వేస్తాడు.

బెంచ్ మీద ఆయన ఒంటిని కాపాడటం కూడా ఒక పనే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరింటికీ సిమెంటు సెగ కొడుతూనే ఉంటుంది. ఆటకు ముందు 15 నుంచి 20 నిమిషాల వార్మప్. దిగడానికి రెండు నిమిషాల ముందు బెంచ్ వెనక పక్క అడుగులు వేయించండి. చల్లబడ్డ పిక్కతో నేరుగా దిగితే మొదటి పరుగులోనే పట్టేస్తుంది. 15-20 నిమిషాలకోసారి గ్లాసెడు నీళ్లు, చెమట బాగా పడితే ఓఆర్ఎస్. ఒకే రోజు రెండు మ్యాచ్‌లుంటే గట్టి జట్టుతో ఉన్నదానికే ఆయన్ను దాచండి.

నిజంగా పనికొస్తున్నాడా అన్నది నోటుబుక్కే చెప్పాలి. ఆయన దిగినప్పటి స్కోరు, బయటికొచ్చినప్పటి స్కోరు రాయండి. 12-14 దగ్గర దిగి 20-19 దగ్గర వస్తే మనం 8, వాళ్లు 5, అంటే ప్లస్ 3. ఒక మ్యాచ్‌తో ఏమీ తేలదు, ఐదు మ్యాచ్‌లు కలపండి. పక్కనే ఆ సమయంలో ఉన్న మిగతా నలుగురి నంబర్లు కూడా రాయాలి. ఎప్పుడూ మీ మంచి గార్డుతోనే దింపితే ఆ ప్లస్ గార్డుదా, ఆయనదా తెలియదు. కనీసం రెండు మ్యాచ్‌లలో వేరే గార్డుతో దింపి చూడండి. ఐదు మ్యాచ్‌ల మొత్తం సున్నాకు దగ్గరగా ఉన్నా మంచిదే, మీ ప్రధాన సెంటర్‌కు 12 నిమిషాల విశ్రాంతి ఉచితంగా దొరికినట్టు. మైనస్ 10 దాటితే జెర్సీ కుర్రాడికి ఇచ్చే సమయం వచ్చింది.

కోర్టులోకి దిగని రోజున కూడా ఆయన చేసే పని ఒకటుంది, దాన్ని తక్కువ చేయకండి. 2007లో ఫీనిక్స్, శాన్ ఆంటోనియో సిరీస్ నాలుగో మ్యాచ్ చివర్లో రాబర్ట్ హోరీ తుంటితో స్టీవ్ నాష్‌ను పక్క బల్లకేసి పడేశాడు. హోరీ అప్పటికి 36 ఏళ్ల సీనియర్. కోపంతో ఫీనిక్స్ బెంచ్ నుంచి అమరే స్టౌడమైర్, బోరిస్ డియా లేచి ముందుకొచ్చారు. బెంచ్ దాటినందుకు ఇద్దరికీ ఒక మ్యాచ్ నిషేధం. హోరీకి రెండు మ్యాచ్‌లు పడ్డా, నష్టపోయింది ఫీనిక్సే. ఐదో మ్యాచ్ 88-85తో పోయింది, తర్వాత సిరీసూ పోయింది. ఫిబాలో కూడా కొట్లాట సమయంలో బెంచ్ వదిలి కోర్టులోకి వచ్చిన ఆటగాడికి డిస్‌క్వాలిఫికేషనే.

కాబట్టి మీ అన్నను బెంచ్ మీద కోచ్ పక్కన కాకుండా, పిల్లల మధ్యలో, కోర్టుకు దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టండి. లొల్లి లేవగానే ఆయన లేవడు. రెండు చేతులూ పక్కలకు చాచి, అటు ఇద్దరినీ ఇటు ఇద్దరినీ కుర్చీలకు అదిమి, “కూసో బిడ్డా, కూసో” అంటాడు. ఆ మాట వినే పిల్లలు మీ జట్టులో ఉంటే, పన్నెండో జెర్సీ ఆయనకు ఇచ్చేయండి.