అర్థమైందంటారు, మర్నాడు పాత పద్ధతిలోనే చేస్తారు: పెద్దవాళ్ల క్లాసులో సమస్యలు - పరిష్కారాలు

కింద చెప్పే సమస్యల్లో మీది ఏదైనా సరే, ముందు ఒక్క పరీక్ష చేయండి. మీరు నేర్పబోయే పనిని, ఇంకా ఏమీ నేర్పకముందే, వాళ్లకు వచ్చిన పద్ధతిలో చేసి చూపించమనండి. పది నిమిషాలు చాలు. మధ్యలో దిద్దకండి, పక్కన నిలబడి చూడండి. ఈ మాట ఎంతమంది ట్రైనర్లకు చెప్పానో లెక్కలేదు. చాలామంది "అంత టైం ఎక్కడుందండీ" అని దాటేసి స్లైడ్లు మొదలుపెడతారు, రెండు వారాలయ్యాక ఫోన్ చేస్తారు. "అర్థమైందా?" అని అడగడం పరీక్ష కిందికి రాదు. నలుగురిలో, అందులోనూ తనకంటే చిన్నవాళ్ల ముందు, "అర్థం కాలేదు" అని చెప్పే పెద్దమనిషి అరుదు.

క్లాసులో ఎవరూ నోరు విప్పరు

చాలాసార్లు కారణం ఒకటే. ఇది తమకెందుకో వాళ్లకు తెలియదు. పైవాళ్లు వెళ్లమన్నారు, వచ్చి కూర్చున్నారు. ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తే తప్ప పెద్దవాళ్లు మనసు పెట్టరని పెద్దల చదువు మీద సిద్ధాంతం రాసిన అమెరికన్ మాల్కం నోల్స్ ఏనాడో చెప్పారు. మొదటి స్లైడ్‌లో 'కోర్సు లక్ష్యాలు' అని నాలుగు లైన్లు పెడితే ఆ పని అయిపోదు. పోయిన వారం వాళ్లను విసిగించిన పని ఏదో అడగండి, పాఠం అక్కణ్నుంచే ఎత్తుకోండి.

"మీరే చేసుకోండి" అంటే బిక్కమొహం వేస్తారు

ఇది నోల్స్ సిద్ధాంతాన్ని సగమే చదివినందువల్ల వచ్చే తంటా. 'పెద్దలు స్వయంగా నేర్చుకుంటారు' అన్న ఒక్క ముక్క పట్టుకుని, మొదటి రోజే ప్రాజెక్టు చేతికిచ్చి తప్పుకుంటారు. నోల్స్ 1970లో వేసిన పుస్తకం ఉపశీర్షికలో ఆండ్రగోజీకీ (పెద్దలకు నేర్పే పద్ధతి) పెడగోజీకీ (పిల్లలకు నేర్పే పద్ధతి) మధ్య 'వర్సెస్' అని ఉండేది. 1980 కూర్పులో దాన్ని 'పెడగోజీ నుంచి ఆండ్రగోజీకి' అని మార్చారు. ఆ చిన్న మార్పులోనే జవాబుంది. సొంత పనిలో ఎవరినీ అడగకుండా నెట్టుకొచ్చే మనిషి కూడా కొత్త విషయంలో మొదటి రోజు చెయ్యి పట్టుకుని నడిపించమంటాడు. అది తప్పేం కాదు. ముందు పూర్తిగా చేసిన ఉదాహరణ ఇవ్వండి, తర్వాత సగం చేసి వదిలేసింది ఇవ్వండి, ఖాళీ షీటు ఆ తర్వాతే.

క్లాసులో అన్నీ బాగా చేస్తారు, సీటుకెళ్లాక మళ్లీ పాత పద్ధతే

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. పైకి ఎక్కడా తప్పు కనిపించదు. హాజరు ఉంటుంది, మార్కులు ఉంటాయి, చివర్లో ఫీడ్‌బ్యాక్ కూడా బాగా రాస్తారు. ఇంకో చిక్కేమిటంటే, ఇలా వెనక్కి జారేది కొత్తవాళ్లు కాదు, బాగా అనుభవం ఉన్నవాళ్లు.

ఒకసారి లెక్కలు చూసేవాళ్లకు స్ప్రెడ్‌షీట్ నేర్పాను. అందులో ఇరవై ఏళ్లకు పైగా పద్దులు రాసిన ఒకాయన ఉన్నారు. క్లాసులో మొత్తాల ఫార్ములా అందరికంటే ముందు వేసింది ఆయనే. నెల తర్వాత ఆయన షీటు చూశాను. వరసలు నీటుగా ఉన్నాయి, అడుగున మొత్తం సరిగ్గా ఉంది. ఆ సెల్ మీద క్లిక్ చేస్తే పైన, ఫార్ములా మొదట్లో ఉండాల్సిన 'ఈక్వల్ టు' గుర్తు లేదు, ఉత్త అంకె ఉంది. క్యాలిక్యులేటర్‌లో కూడి, వచ్చింది టైప్ చేశారు. మర్చిపోయారనుకుని ఫార్ములా మళ్లీ నేర్పాను. ఇంకోసారి కూడా నేర్పాను. రెండుసార్లూ తల ఊపారు, రెండుసార్లూ చక్కగా చేసి చూపించారు. వచ్చే నెల మళ్లీ అదే అంకె.

చివరికి నేర్పడం మానేసి, ఎందుకలా అని అడిగాను. "నేను రెండుసార్లు కూడి సరిచూసుకున్న లెక్క అండీ ఇది. అదేం కూడిందో నాకేం కనిపిస్తుంది? తేడా వస్తే సంతకం నాది కదా" అన్నారు. ఆయనకు ఫార్ములా రాక కాదు, దాన్ని నమ్మే కారణం లేక. నేనేమో రాని విషయం నేర్పుతున్నాననుకుని, వచ్చిన విషయాన్నే మళ్లీ మళ్లీ చెప్పాను.

పెద్దవాళ్ల అనుభవం పెట్టుబడి అని అన్ని పుస్తకాలూ రాస్తాయి, నిజమే. కానీ అదే అనుభవం కొత్త పద్ధతికి అడ్డం కూడా పడుతుంది. పెద్దల చదువు మీదే పనిచేసిన జాక్ మెజిరో 1978లో, చాలాకాలం తర్వాత కాలేజీకి తిరిగొచ్చిన మహిళలను పరిశీలించి చెప్పింది దీనికి దగ్గరగా ఉంటుంది: ఇన్నాళ్లూ నమ్ముకున్న ఆలోచనతో గట్టెక్కని పరిస్థితి ఎదురైతే గానీ మనిషి దాన్ని తిరిగి చూసుకోడు. ఉపన్యాసంతో ఆ పరిస్థితి రాదు. వాళ్ల చేతుల్లోనే రావాలి.

ఆ పద్దులాయన విషయంలో నేను చేసింది ఇది. ఆయన షీటులోనే మధ్య వరసలో ఒక అంకెను మార్చమన్నాను. మార్చారు. అడుగున మొత్తం కదల్లేదు. కాసేపు చూసి, క్యాలిక్యులేటర్ తీశారు. ఇంకొకటి మార్చమన్నాను, మళ్లీ తీశారు. నాలుగోసారికి క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి, "ఏదీ, ఆ ఫార్ములా వెయ్యండి, చూద్దాం" అన్నారు. ఆ మాట వచ్చేదాకా నేను కీబోర్డు ముట్టుకోలేదు. ఇక్కడ తొందరపడి "చూశారా, మీ పద్ధతి తప్పు" అన్నారా, అంతే సంగతులు. సరిచూసుకునే అలవాటు మంచిది, దాన్ని పీకకండి. ఫార్ములా వేశాక ఒక్కసారి క్యాలిక్యులేటర్‌తో పోల్చుకోమన్నాను. ఆయన ఇప్పటికీ పోల్చుకుంటున్నారు, కానీ సెల్‌లో ఫార్ములా ఉంది.

మొదట్లో చెప్పిన పది నిమిషాల పరీక్ష ఆ రోజు నేనూ చేయలేదు. చేసుంటే క్యాలిక్యులేటర్ మొదటి గంటలోనే కనిపించేది.

ఆ రోజు గుర్తుంటుంది, వారానికి పోతుంది

నోట్సు మళ్లీ చదివించకండి, మూసి రాయించండి. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగంలో, అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే తిరిగి చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లది పైచేయి. క్లాసు అయిన వెంటనే పెట్టే క్విజ్ మిమ్మల్ని మోసం చేసేది ఇందుకే. వారం తర్వాత ఇంకోటి పెట్టండి.

మిగతావి

సగంలో మానేస్తున్నారంటే, పాఠాన్ని తిట్టుకునే ముందు టైమింగులు చూడండి. పని, ఇల్లు, క్లాసు ఒకదాని మీద ఒకటి పడితే ముందు వదిలేది క్లాసునే. 'చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు' అని విడదీసే ఫారాలు పక్కన పడేయండి. 2008లో పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరి ముగ్గురు ఆ పరిశోధనలన్నీ వెతికితే, అలా విడదీసి నేర్పడాన్ని సమర్థించేంత ఆధారం దొరకలేదు. ఇక వయసు వల్ల ఎక్కడం లేదనేది నా అనుభవంలో చాలా తక్కువ. ఆ ఫిర్యాదు వస్తే ముందు వెనక వరసలో కూర్చుని మీ స్లైడ్ మీరే చదివి చూడండి.