వేసవికి ముందు: ఇంట్లో బిగించుకున్న కంప్యూటర్‌కు ఫ్యాన్లు, కూలర్ ఎంపికలో జాగ్రత్తలు

చలికాలంలో బిగించిన కంప్యూటర్ సంక్రాంతి దాకా చల్లగా నడిచినంత మాత్రాన దాని ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ సరిపోయిందని అనుకోవడానికి లేదు. గాలి కూలరైనా, నీళ్లు తిరిగే కూలరైనా ప్రాసెసర్ వేడిని గదిలోని గాలికి అప్పగిస్తుందే తప్ప, గది కంటే చల్లగా దాన్ని ఎన్నటికీ ఉంచలేదు. జనవరిలో 24 డిగ్రీల గదిలో 72 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, మే నెలలో స్లాబు కింద 39 డిగ్రీలున్న మేడగదిలో అదే పనికి దాదాపు 87 డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి కూలర్‌ను ఎంచుకునేటప్పుడు ప్రాసెసర్‌తో పాటు అది నడవబోయే గదిని, అదీ రోహిణి కార్తెలో ఆ గది ఎలా ఉంటుందన్నదాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అట్టపెట్టె మీది వాట్ల అంకెను నమ్ముకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇంటెల్ ఐ5-12400కు 65 వాట్లని రాసి ఉన్నా పూర్తి వేగంలో అది 117 వాట్ల వరకు తీసుకుంటుంది. ఏఎండీ రైజెన్ 5 7600ఎక్స్‌కు 105 అని ఉన్నా 142 వరకు వెళుతుంది. మొదటిది 100 డిగ్రీలు, రెండోది 95 డిగ్రీలు తాకగానే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి గనుక కాలిపోతాయన్న భయం అక్కర్లేదు గానీ, డబ్బు పోసి కొన్న వేగం మధ్యాహ్నం పూట చేతికి రాదు. పెట్టెతో పాటు వచ్చే చిన్న కూలర్ ఆఫీసు పనులకు చాలు. వీడియో ఎడిటింగ్, గేమ్స్ ఉన్నవారికి 120 మి.మీ. ఫ్యాన్, వేడిని పైకి మోసే నాలుగు హీట్ పైపులు (రాగి గొట్టాలు) ఉన్న, నిలువుగా ఉండే టవర్ కూలర్ కనీస అవసరమని నా అభిప్రాయం. 250 వాట్లు తాగే ఇంటెల్ ఐ9 రకానికి 360 మి.మీ. రేడియేటర్ ఉన్న, నీళ్లు తిరిగే కూలర్ కావాలి; అయితే ఏసీ లేని గదికి అసలు ఆ ప్రాసెసర్ ఎందుకన్నది ముందు తేల్చుకోవలసిన సంగతి.

కంప్యూటర్ విడిభాగాల దుకాణాలుండే సికింద్రాబాద్ సీటీసీకి బయల్దేరే ముందే మీ క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో చూసి రాసిపెట్టుకోండి. టవర్ కూలర్లు చాలావరకు 155 నుంచి 165 మి.మీ. ఉంటాయి, సన్నటి క్యాబినెట్‌లో పెడితే పక్క తలుపు మూసుకోదు. ఇంటెల్ పాత సాకెట్ ఎల్‌జీఏ1200 ఉన్న మదర్‌బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య 75 మి.మీ. ఉంటే దాని తర్వాతి ఎల్‌జీఏ1700లో 78 మి.మీ. ఉంటుంది, ఆ మూడు మిల్లీమీటర్ల కోసం పాత కూలర్‌కు వేరే బిగింపు కిట్ కావాలి.

అసలు చిక్కు ఎక్కువగా ఫ్యాన్ల దగ్గరే ఉంటుంది. ముందు భాగమంతా అద్దం, పక్కన సన్నటి చీలిక ఉన్న క్యాబినెట్ చూడముచ్చటగా ఉంటుంది గానీ లోపలికి గాలి రానివ్వదు. జాలీ ముఖం ఉన్నది తీసుకుని ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగేట్టు, వెనుక ఒకటి బయటికి నెట్టేట్టు బిగించాలి. సాధారణంగా ఫ్యాన్‌కు రెక్కలు తెరిచి కనిపించే వైపు నుంచి గాలి పీల్చుకుని, మోటారును పట్టి ఉంచే అడ్డకడ్డీల వైపుకు వదులుతుంది. అనుమానం ఉంటే అగరుబత్తి వెలిగించి జాలీ ముందు పట్టుకోండి. పొగ లోపలికి పోవాలి, ముఖాన కొడితే ఫ్యాన్ తిరగబడినట్టే. దుమ్ము జల్లెడ వెనుక, రేడియేటర్ మీద బిగించే ఫ్యాన్లకు గాలి పరిమాణం కంటే ఒత్తిడి అంకె ముఖ్యం. వేగం తేలిగ్గా అదుపులో ఉండాలంటే నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్లు మేలు. రంగుల దీపాల తీగ విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి: 5 వోల్టుల దీపాలను 12 వోల్టుల చోట గుచ్చితే అవి ఆ క్షణమే పోతాయి.

కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొరను తీయడం మరిచిపోయి వారాల తరబడి తల పట్టుకునేవారు ఉన్నారు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని చేరవేసేందుకు రాసే పేస్టు శనగగింజంత చాలు. నేనొకసారి ఏఎం4 (ఏఎండీ పాత సాకెట్) బోర్డు మీది పాత కూలర్‌ను నిటారుగా లాగితే, ఎండి బిగుసుకున్న పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడివచ్చింది. వంగిన రెండు పిన్నులను మెకానికల్ పెన్సిల్ మొనతో నిలబెట్టేసరికి సాయంత్రమైంది. పావుగంట కంప్యూటర్‌ను నడిపి, ఆపి, ప్లగ్గు తీసి, పేస్టు మెత్తబడి ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీస్తే ఈ గండం తప్పుతుంది.

గదిని చల్లబరిచే నీళ్ల ఎయిర్ కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకూడదు. బోరు నీటి తుంపర ఆరిపోయాక మిగిలే తెల్లటి ఉప్పు బోర్డుకు చేటు. బ్లోయర్‌తో దుమ్ము దులిపేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి.

చివరగా, మార్చిలోనే ఒక మధ్యాహ్నం మూడు గంటలకు పది నిమిషాల పాటు బరువైన పని పెట్టి ఉష్ణోగ్రత చూడండి. పక్క తలుపు తీయగానే పది డిగ్రీలు తగ్గిందంటే తప్పు కూలర్‌ది కాదు, గాలి దారిది. పెద్ద కూలర్‌కు డబ్బు తగలేయకుండా ముందు భాగంలో మరో ఫ్యాన్ చేర్చండి. తలుపు తీసినా తగ్గకపోతే పేస్టునూ బిగింపునూ ఒకసారి సరిచూసుకున్నాకే కొత్త కూలర్ సంగతి ఆలోచించండి.