పోటీకి పెట్టే బొంతకు అంచు ఎలా కట్టాలి?

బొంత కుట్టడం ఇక్కడ ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు. చిత్తూరు వైపు ఏ పల్లెకు పోయినా పాత నూలు చీరలు నాలుగు పొరలు పరిచి వరసలు వరసలుగా కుట్టే అవ్వ ఒకరైనా ఉంటారు. కానీ ఇంట్లో కప్పుకునే బొంత వేరు, ఎగ్జిబిషన్లో పోటీకి పెట్టే బొంత వేరు. నెలల తరబడి ఓపిగ్గా కుట్టి, ఆఖరి రెండు రోజుల్లో అంచు ఏదో ఒకలా మడిచేసి తెచ్చిన బొంతలు ఎన్ని చూశానో! అంత పనీ ఆ మూలల దగ్గర పాడైపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు: కుట్టు మిషన్, టేపు, పదునైన కత్తెర, గుండుసూదులు, ఇస్త్రీ పెట్టె, నూలు దారం. పాలిస్టర్ దారం వద్దు.

ముందు బొంతను నేల మీద పరిచి అంచులు సమానంగా కత్తిరించండి. ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా టేపు పెట్టి కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. అర అంగుళం తేడా ఉన్నా గోడకు వేలాడదీస్తే వంకర కనిపిస్తుంది.

తర్వాత పట్టీ, అంటే అంచు చుట్టూ మడిచి కుట్టే పొడవాటి గుడ్డ పీలిక. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు బొంతకు చుట్టుకొలత 300 అంగుళాలు, అతుకులకూ మూలలకూ ఇంకో 12 వేసుకోండి. 44 అంగుళాల పన్నా గుడ్డలో రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు 8 కావాలి. అర మీటరు గుడ్డ కాస్తలో చాలదు, ముప్పావు మీటరు తీసుకోండి. షాపులో దొరికే రెడీమేడ్ పైపింగ్ టేపు మాత్రం ముట్టుకోవద్దు, బొంత నూలైతే పట్టీ కూడా నూలే ఉండాలి. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల మీద నేసే మామూలు నూలు గుడ్డ చక్కగా సరిపోతుంది.

చాలామందికి కలంకారీ పట్టీ వేయాలని ఉంటుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీసే గుడ్డ వేరు, అచ్చుతో అద్దిన ప్రింటు వేరు. చవకగా దొరికే ఎర్ర ప్రింటు తెచ్చి, ఉతక్కుండా కుట్టేసి, తర్వాత తెల్ల చీర పొర అంతా గులాబీ రంగు అయిందని ఏడ్చిన వాళ్ళు నాకు తెలుసు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలబడిపోతుందని నమ్మకండి. తడిపిన తెల్ల గుడ్డను ఆ ప్రింటు మీద పెట్టి ఐదు నిమిషాలు నొక్కి ఉంచండి. రంగు అంటుకుంటే ఆ గుడ్డ వద్దు.

పట్టీలను ఐమూలగా అతికి, పొడవునా రెండుగా మడిచి ఇస్త్రీ చేయండి. బొంత పైవైపు ఒక పక్క మధ్యలో మొదలుపెట్టి, పది అంగుళాల తోక వదిలి, పట్టీ తెగిన అంచూ (మడత లేని వైపు) బొంత అంచూ కలిపి, అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలగా కుట్టుకుంటూ పోండి.

ఇక మూల. ఇక్కడ నెమ్మదించండి, పిల్లలు పిలిచినా లేవకండి.

మూల ఇంకా ఒక సెంటీమీటరు దూరం ఉందనగా కుట్టు ఆపాలి. చివరిదాకా కుట్టేశారా, ఆ మూల ఇక మడత పడదు, విప్పాల్సిందే. ఆ చోట గుండుసూదితో ముందే గుర్తు పెట్టుకోండి. రెండు కుట్లు వెనక్కి వేసి దారం తెంచి, బొంతను మిషన్ కింద నుంచి బయటికి తీయండి. బొంతను తిప్పి, పట్టీని పైకి, బొంతకు అవతలికి మడవండి. పట్టీ అంచు, మీరు తర్వాత కుట్టబోయే పక్క అంచు ఒకే గీతలో ఉండాలి. అప్పుడు కింద ఏటవాలు మడత తనంతట తానే పడుతుంది. దాన్ని ఎడమ బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుని, పట్టీని మళ్ళీ కిందికి తిప్పండి. ఈ రెండో మడత ఇంతవరకూ కుట్టిన పక్క అంచుతో సరిసమానంగా ఉండాలి, వెంట్రుకవాసి లోపలికి జరిగినా మూల మొద్దుబారుతుంది. గుండుసూది గుచ్చి, మడత పైఅంచు నుంచి మళ్ళీ కుట్టు మొదలుపెట్టండి. మొదటి మూల అయ్యాక పట్టీ వెనక్కి తిప్పి చూసుకుని, బాగుంటేనే రెండో మూలకు వెళ్ళండి.

నా మొదటి పోటీ బొంత మూలలు పైకి బాగానే కనిపించాయి. పోటీ బొంతలు చూసి ఎంచడానికి వచ్చినావిడ బొటనవేలితో మూల నొక్కి, "లోపల డొల్లగా ఉందమ్మా" అని పక్కన పెట్టేసింది. పైన గుడ్డ మందం తగ్గించాలని మూల దగ్గర పొరలు కత్తిరించేశాను నేను. అది చేయకండి. పట్టీ లోపల అంచంతా బొంత నిండుగా ఉండాలి.

చివరి రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి రెండున్నర అంగుళాలు ఎక్కేలా కత్తిరించి, మడత విప్పి, ఐమూలగా అతకండి. మెలిక పడిందేమో చూసుకున్నాకే మిగులు కత్తిరించండి.

ఇక పట్టీని అంచు మీదుగా వెనక్కి మడవండి. వెనకవైపు చేతి కుట్టే. మిషన్ మీద లాగించేస్తే పని గంటలో అయిపోతుంది, పైన మాత్రం కుట్టు పట్టీ మీద ఒకచోట, పక్కన ఒకచోట వంకర టింకరగా తేలుతుంది. పట్టీ రంగు దారంతో, సూది ముందువైపుకు దిగకుండా, దగ్గర దగ్గరగా హెమ్మింగ్ చేయండి. మూల మడతలు వెనక మాత్రమే కాదు, ముందు కూడా రెండు మూడు సన్న కుట్లతో మూసేయండి.

ఉతకడం చల్లనీళ్ళలో, ఆరబెట్టడం నీడలో. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా వానలే కదా, సంక్రాంతి ముందు పోటీ అయితే ఈ ఉతుకుడు పని సెప్టెంబరులోనే ముగించండి. ముసురులో నాలుగు పొరల బొంత లోపల ఆరక ముక్క వాసన పట్టేస్తుంది. వెనక మూలలో పేరు, ఊరు, సంవత్సరం కుట్టిన చిన్న తెల్ల ముక్క అతకండి. తీసుకెళ్ళేటప్పుడు మడిచి కుక్కకుండా, పాత పంచెలో చుట్టగా చుట్టుకుని వెళ్ళండి.