మోటార్‌హోమ్ టైర్లు కొనే ముందు ఒకసారి వేబ్రిడ్జికి

ట్రెడ్ (నేలను తాకే గాడుల భాగం) ఇంకా మిగిలి ఉండగానే సైడ్‌వాల్ (పక్క గోడ) పగిలి టైర్లు మార్చవలసి రావడం మోటార్‌హోమ్ (లోపలే వంట, పడక ఉండే బండి) ఉన్నవారికి తరచూ ఎదురయ్యే చికాకు. బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్లి బేరమాడే ముందు, నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు, సామాను అన్నీ నింపి, ప్రయాణించే మనుషులతో సహా బండిని వేబ్రిడ్జి మీదికి ఎక్కించి, ముందు ఇరుసును, వెనుక ఇరుసును విడివిడిగా తూయించండి. జంట చక్రాలు లేని బండిలో వెనుక ఇరుసు మీద 1900 కిలోలు పడితే ఒక్కో టైరుకు 950 కిలోలు వస్తాయి కనుక, 1030 కిలోలు మోసే 109 లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును సూచించే సంఖ్య) చాలుననిపించినా, అదే సైజులో 1120 కిలోలు మోసే 112 దొరికితే దానినే తీసుకోవడం మేలు.

తరువాత టైరు సైడ్‌వాల్ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ సంకేతంలోని చివరి నాలుగు అంకెలు చూడాలి. 2325 అంటే 2025లో 23వ వారపు తయారీ. ఈ అంకెలు ఒక పక్కనే ఉండవచ్చు కనుక బిగించక ముందే రెండు వైపులా చూడండి. ఏడాది దాటిన సరుకును, ఎంత తగ్గింపు ఇచ్చినా, నేనైతే తీసుకోను.

వంటగట్టు, నీళ్ల ట్యాంకు ఒకే పక్కన ఉన్న బండికి, ఇరుసు బరువును రెండు టైర్లకు సమంగా పంచే పై లెక్క పనికిరాదు. అప్పుడు ఒక్కో చక్రాన్ని విడిగా తూయించి, ఎక్కువ బరువు పడిన చక్రాన్ని బట్టి ఆ ఇరుసుకు రెండు టైర్లూ ఎంచుకోవాలి.