ప్రవర్తన పాఠాలు, 3వ భాగం: చేస్తేనే వస్తుందా, చేయకపోయినా వస్తుందా?

టెట్‌కో డీఎస్సీకో కూర్చున్నవాళ్లకి నేర్చుకోవడం మీద ఎవరు ఏ జంతువుతో ప్రయోగాలు చేశారన్న టేబుల్ నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తుంది: పావ్లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. బిట్ పడితే మార్కు ఖాయం. నేనూ అలాగే బట్టీ కొట్టా, దాని పుణ్యమా అని చాలా ఏళ్లు నా బుర్రలో శాస్త్రీయ నిబంధన (ఒక సిగ్నల్‌కి దానంతటదే స్పందన రావడం అలవాటవడం) అంటే కుక్కలది, కార్యసాధక నిబంధన (వచ్చే ఫలితాన్ని బట్టి ఒక పని నిలబడటం) అంటే ఎలుకలది అన్నట్టు ఉండిపోయింది. నిజానికి ఒకే కుక్కలో ఒకే నిమిషంలో రెండూ నడుస్తుంటాయి. ఈ భాగంలో మన పని అదే, కళ్ల ముందు ఒక ప్రవర్తన కనిపిస్తే ఇది ఏ రకం అని తేల్చడం, తర్వాత దాన్ని కాగితం మీద పెట్టడం. పేర్ల విషయానికొస్తే శాస్త్రీయానికి రెస్పాండెంట్ అని, కార్యసాధకానికి ఆపరెంట్ అని వాడతా, ఈ రెండు మాటల్నీ జంటగా నిలబెట్టింది స్కిన్నరే, 1938లో వచ్చిన తన పుస్తకంలో ఈ తేడా గట్టిగా గీశాడు.

ముందు మీ మీదే ఒక ప్రయోగం. పుల్లటి పచ్చి మామిడికాయ, కత్తిపీట మీద సన్నగా కోసి, ఉప్పూ కారం కలిపి అద్ది, మొదటి ముక్క పంటి కింద కరుక్కుమంది. ఏమైంది నోట్లో? మీరేం నిర్ణయం తీసుకోలేదు, నీళ్లు ఊరాయి అంతే. ఊరకుండా ఆపితే వంద రూపాయలిస్తా అన్నా ఆపలేరు. నాలుక మీద నిజంగా పులుపు పడితే లాలాజలం రావడం పుట్టుకతో వచ్చింది, దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు, పుస్తకాల్లో ఆ పులుపుని నిర్నిబంధిత ఉద్దీపన, ఆ లాలాజలాన్ని నిర్నిబంధిత ప్రతిస్పందన అంటారు. కానీ ఇక్కడ పులుపు లేదు, అక్షరాలున్నాయి. "మామిడికాయ" అనే మాట, దాని ఆకుపచ్చ రంగు, ఆ వాసన, ఇవన్నీ ఎన్నో వేసవుల పాటు పులుపుకి ముందు ముందు వచ్చి వచ్చి పులుపు చేసే పని అవే చేయడం మొదలెట్టాయి. ఎప్పుడూ రుచి చూడని పసిపిల్లకి కాయ చూపిస్తే పట్టుకోడానికి చూస్తుంది గానీ నోరూరదు. (పళ్లొచ్చే పిల్లల మీద ఇది ట్రై చేయకండి, వాళ్లకి ఎప్పుడూ చొంగే, ఏమీ తేలదు.)

పావ్లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది దీనికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆ పనిలోనే కుక్కలు తిండి నోట్లో పడకముందే, తెచ్చే మనిషి కనిపించగానే చొంగ కార్చడం గమనించారు, వేరేవాళ్లయితే ప్రయోగం పాడైందని విసుక్కునేవాళ్లు, ఆయన దాని వెంటే పడ్డాడు. మన పుస్తకాల్లో గంట ఒక్కటే మిగిలింది గానీ ఆయన మెట్రోనోమ్ (టక్ టక్‌మని లయ కొట్టే పరికరం) లాంటివి కూడా వాడాడు. గుర్తుంచుకోవాల్సింది వరస: సిగ్నల్ ముందు, తిండి వెనక. తిరగేస్తే, అంటే తిన్నాక గంట కొడితే, పెద్దగా ఏమీ అంటుకోదు.

కొన్ని భయాలూ ఇదే దారిలో వస్తాయి. 1920లో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కలిసి ఏడాది కూడా నిండని ఆల్బర్ట్ అనే పిల్లాడికి తెల్ల ఎలుకని చూపిస్తూ వెనక ఇనప కడ్డీ మీద సుత్తితో కొట్టారు, వాడు ఎలుకని చూస్తేనే ఏడ్చే స్థితికొచ్చాడు. ఇప్పుడైతే ఏ కమిటీ ఒప్పుకోదు. దీన్ని అందరూ చెప్తారు గానీ 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ పీటర్ అనే పిల్లాడికి కుందేలు భయం పోగొట్టిన సంగతి చాలామంది వదిలేస్తారు, వాడు ఇష్టమైంది తింటుండగా కుందేలుని కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చింది. నాకు మొదటి దానికన్నా ఇదే పెద్ద విషయం.

సరే, ఇప్పుడు ఆపరెంట్. మా గేటు దగ్గరికి రోజూ పొద్దున టీ టైముకి ఒక వీధికుక్క వస్తుంది. మా అమ్మ దానికి పేరు పెట్టలేదు, "వచ్చిందా అది?" అంటుంది. అమ్మ లోపల బిస్కెట్ ప్యాకెట్ చింపగానే ఆ కవర్ చప్పుడుకి బయట దాని నోట్లోంచి చొంగ, చెవులు నిక్కబొడుచుకోవడం. తర్వాత ముందు కాలు ఎత్తి గేటుని గర్రు గర్రుమని గీకుతుంది, పెయింట్ అంతా పోయింది. అమ్మ రెండు బిస్కెట్లు విసురుతుంది.

ఇక్కడ ఆగండి. చొంగ, గీకుడు, రెండూ ఆ బిస్కెట్ చుట్టూనే కదా, మరి తేడా ఎక్కడ? ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ పని చేయకపోయినా బిస్కెట్ వస్తుందా? చొంగ కార్చినా కార్చకపోయినా కవర్ చప్పుడు తర్వాత బిస్కెట్ వస్తుంది, చొంగ వల్ల వచ్చేదేం లేదు. అది రెస్పాండెంట్. గీకుడు అలా కాదు, గీకితేనే వస్తోంది, గీకని రోజు అమ్మకి గుర్తే ఉండదు. ఒకప్పుడు ఊరికే కాలు ఎత్తిందో ఏమో, బిస్కెట్ పడింది, మళ్లీ ఎత్తింది, మళ్లీ పడింది, అలా నిలబడిపోయింది. అది ఆపరెంట్. థార్న్‌డైక్ 1898లో పెట్టెలో పెట్టిన పిల్లులు కూడా ఇంతే, మొదట అన్నీ గోకి, కరిచి, తోసి, ఎప్పుడో అనుకోకుండా గడియ తీశాయి, పోను పోను వేరే వేషాలు తగ్గి గడియ దగ్గరికే వెళ్లాయి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడ, ముందు ఏదో సిగ్నల్ కనిపించిందంటే చాలు రెస్పాండెంట్ అని రాసేస్తారు. ఆపరెంట్‌కీ ముందు సిగ్నల్ ఉంటుంది. అమ్మ ఊరెళ్లి ఇల్లు తాళం వేసి ఉంటే ఆ కుక్క గేటు ముట్టుకోదు, లోపల లైటు ఉంటేనే గీకుతుంది. లైటు గీకుడిని బయటకి లాగట్లేదు, ఇప్పుడు గీకితే ఫలితం ఉంటుంది అని చెప్తోంది అంతే.

ఇంక అమ్మ సంగతి. కుక్కకి అమ్మ నేర్పిందనుకుంటున్నాం కదా, కుక్క కూడా అమ్మకి నేర్పింది. ఆ గర్రుమనే చప్పుడు పళ్లు జివ్వుమనేలా ఉంటుంది, బిస్కెట్ విసిరితే ఆగిపోతుంది. అంటే విసరడం వల్ల అమ్మకి ఏదో దొరకలేదు, ఉన్న బాధ పోయింది, అందుకే రేపూ విసురుతుంది. ఇదే రుణాత్మక పునర్బలనం. దీన్ని శిక్ష అని రాసి మార్కు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నా. రుణ, ధన అంటే చెడు, మంచి కాదు, లెక్కల్లో మైనస్, ప్లస్సే, ఏదైనా తీసేశారా కలిపారా అని. పునర్బలనం అంటే ఆ పని ఇకముందు పెరిగింది లేదా నిలబడింది. శిక్ష అంటే తగ్గింది. తలనొప్పికి మాత్ర, కారులో కీ కీమనే శబ్దానికి సీటు బెల్టు, ఇవన్నీ మైనస్ వల్ల నిలబడే అలవాట్లు.

మన ఉద్దేశం ఏంటన్నది లెక్కలోకి రాదు, అది చాలామందికి మింగుడుపడదు. వెనక బెంచీ కుర్రాడు అరిచినప్పుడల్లా సారు పేరు పెట్టి తిడతాడు, క్లాసంతా తిరిగి చూస్తుంది, వారం తర్వాత అరుపులు ఎక్కువయ్యాయి. సారు దృష్టిలో అది శిక్ష. అరుపుల లెక్క చూస్తే ఆ తిట్టు, లేదా క్లాసు చూపు, వాడికి పునర్బలనం.

మరి నిలబెడుతున్నది ఆపేస్తే? దాన్ని విరమణ అంటారు. స్కిన్నర్‌కి మొదటి విరమణ గ్రాఫు దొరికింది తిండి గుళికలు వేసే మెషిన్ జామ్ అయినప్పుడే, ఎలుక గుళిక కోసం మీట నొక్కుతూనే ఉంది, గుళిక పడలేదు, గీత మెల్లగా చదునయ్యింది, అంటే నొక్కడం తగ్గిపోయింది. ఇంట్లో అంత నీట్‌గా జరగదు. ఒకరోజు అమ్మ "ఇవాళ్టి నుంచి దానికి పెట్టేది లేదు" అంది. మొదటి రోజు మామూలుకన్నా ఎక్కువ గీకింది, రెండో రోజు మొరుగుడు కలిసింది, మూడో రోజు రెండు కాళ్లూ గేటు మీద వేసి ఊపేసింది.

"అమ్మా, ఇంకొక్క రెండ్రోజులు ఆగు, తగ్గుతుంది."

"నీకేంరా చెప్తావ్, పక్కింటావిడ బయటకొచ్చి చూస్తోంది."

విసిరేసింది. ఇప్పుడు కాలితో గీకడం మానేసింది, వస్తూనే గేటు ఊపుతుంది. ఆపగానే ముందు ఉధృతి పెరగడం చాలాసార్లు కనిపిస్తుంది (ప్రతిసారీ కాదు), సరిగ్గా ఆ పీక్‌లో లొంగితే ఆ పెద్ద రూపమే బలపడుతుంది, కాబట్టి నిలబడే ఓపిక లేకపోతే మొదలుపెట్టకపోవడమే నయం.

ఇప్పుడు కాగితం. మూడు గడులు గీయండి, ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది. మా అక్క వాళ్ల బాబుకి మూడేళ్లు, అన్నం దగ్గర రోజూ గొడవ. అక్క మధ్య గడిలో "మొండితనం చేశాడు" అని రాసింది. ఇది పనికిరాదు, మొండితనం ఎవరికీ కనపడదు. నేను కూర్చుని మళ్లీ రాశా: ముద్ద నోటి దగ్గరికి వచ్చింది, ప్లేటు తోసి 2 నిమిషాలు ఏడ్చాడు, ఫోన్ చేతికిచ్చారు. చూస్తుండగానే ఏడుపు దేనికో తెలిసిపోతోంది కదా, ఇంకో ఐదారు పూటలు ఇలాగే వస్తే నమ్మొచ్చు. ఆ మధ్య గడి సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆగ్డెన్ లిండ్‌స్లీ అనే మనస్తత్వవేత్త చెప్పిన చచ్చినోడి పరీక్ష ఉంది: శవం కూడా చేయగలిగితే అది ప్రవర్తన కాదు. టీచర్లకి ఇష్టమైన "మాట్లాడకుండా కూర్చోవడం" ఈ పరీక్షలో ఫెయిల్.

హోంవర్క్‌కి నాలుగు ఇస్తున్నా, ఏ రకమో రాసి మూడు గడులూ నింపండి. మూడో విజిల్ రాగానే లేచి స్టవ్ కట్టేయడం. బస్సు పడనివాళ్లకి డీజిల్ వాసన తగలగానే కడుపులో తిప్పడం. కరెంట్ పోగానే ఫోన్ టార్చ్ వేయడం. నర్సు చేతిలో సూది చూసి పిల్ల ఏడవడం. మొదటిది తొందరపడి రాస్తే తప్పుతుంది, స్టవ్ కట్టేయకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. సూది దగ్గర ఒక్క మాటలో తేల్చొద్దు, గుండె దడ వేరు, ఏడుపు వేరు, ఆ ఏడుపు కూడా వాళ్ల నాన్న పక్కనున్నప్పుడు ఎంతసేపు, లేనప్పుడు ఎంతసేపు అని టైము చూసి రాసుకొస్తే వచ్చే భాగం అక్కడి నుంచే మొదలెడదాం.